అడవికి హాజరు వేసే మాస్టారు

చెట్టు చుట్టూ టేపు తిప్పుతారు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ కొలుస్తారు. అనుమతి ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. మధ్యలో పాఠాలు, పరీక్షలు, థీసిస్‌లు. ఎకాలజీ ప్రొఫెసర్ రోజువారీ కొలువులోకి తొంగిచూస్తే, మన అడవులూ చెరువుల గురించి మనకు తెలిసిన చాలా సంగతుల వెనక ఈ ఓపికే ఉందని అర్థమవుతుంది.

గునపం పట్టుకుని సముద్రపు ఒడ్డున రాళ్ల మీద తిరుగుతూ, కనిపించిన నక్షత్ర చేపనల్లా పెకలించి నీళ్లలోకి విసిరేయడం యూనివర్సిటీ మాస్టారు చేయాల్సిన పనేనా? రాబర్ట్ పెయిన్ సరిగ్గా అదే చేశాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జువాలజీ చెప్పే ఈ అమెరికన్ 1963లో విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పసిఫిక్ తీరంలోని మాకా బే చూడ్డానికి వెళ్లాడు. నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడిన రాతి గోడ మీద నత్తలు, ఆలుచిప్పలు, నాచు, వాటి మధ్య ఊదా, నారింజ రంగుల్లో నక్షత్ర చేపలు. అక్కడ పెద్ద వేటగాడు ఆ నక్షత్ర చేపే. దాన్ని తప్పిస్తే మిగతా జీవులన్నీ హాయిగా పెరుగుతాయా?

తెలుసుకోవడానికి పెయిన్ సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తున్న రాతి భాగాన్ని ఎంచుకున్నాడు. దాని మీదికి చేరిన ప్రతి నక్షత్ర చేపనూ తీసి పారేశాడు. పక్కనున్న భాగాన్ని ముట్టుకోలేదు. వసంతంలో, వేసవిలో నెలకు రెండుసార్లు, చలికాలంలో నెలకోసారి వెళ్లి రెండుచోట్లా ఏమేం ఉన్నాయో లెక్కపెట్టాడు. ఏడాది తిరిగేసరికి వేటగాడు లేని చోట 15 జాతుల్లో 8 మాత్రమే మిగిలాయి. అడ్డూ ఆపూ లేక ఆలుచిప్పలు రాయంతా ఆక్రమించేసి, తక్కినవాటికి చోటు లేకుండా చేశాయి. ఒక్క జీవి పోతే మొత్తం ఇల్లే కూలిపోవచ్చని లోకానికి తెలిసింది అలా.

ఇప్పుడు ఏ దేశంలో ఎకాలజీ చెప్పినా ఈ ప్రయోగం ప్రస్తావన రాకుండా ఉండదు. అందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. ఒక గునపం, ఒక నోటుబుక్కు, మళ్లీ మళ్లీ అదే చోటికి వెళ్లే ఓపిక. జీవులు ఒకదానితో ఒకటి, చుట్టూ ఉన్న నేలతో, నీటితో ఎలా ముడిపడి ఉన్నాయో వెతికే ఈ శాస్త్రంలో కొలువు చేయడమంటే ముఖ్యంగా అదే. కాకపోతే మన దగ్గర ఆ గునపం చేతికి రావడానికి ముందు టైంటేబుల్ దాటాలి, ఫైళ్లు దాటాలి, సంతకాలు దాటాలి.

ముందు పాఠం... తర్వాతే పరిశోధన

మన విశ్వవిద్యాలయాల్లో ‘ఎకాలజీ విభాగం’ అనే బోర్డు దాదాపు కనిపించదు. ఈ శాస్త్రం చెప్పే మాస్టార్లు బోటనీలోనో, జువాలజీలోనో, పర్యావరణ శాస్త్ర విభాగంలోనో ఉంటారు. అందుకే వాళ్లకు పని రెండింతలు. ఎంఎస్సీ పిల్లలకు జీవావరణం ఒక పేపరైతే, దాంతోపాటు మొక్కల శరీరధర్మమో, జీవగణాంకాలో ఇంకో పేపరు చెప్పాల్సిందే.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకుడి పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. అందులో నేరుగా బోధనకు అసిస్టెంట్ ప్రొఫెసర్ 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరూ ప్రొఫెసరూ 14 గంటలు కేటాయించాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా ఖాళీలు నిండక, ఒకరు చెప్పాల్సిన చోట ఇద్దరి పాఠాలు పడుతున్నాయి. అతిథి అధ్యాపకుల మీద విభాగాలు నడుస్తున్నాయి. వాళ్లకు పాఠానికే తప్ప పరిశోధనకు సమయమూ లేదు, సదుపాయమూ లేదు.

దీనికి తోడు డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ పర్యావరణం పాఠం ఉండాలి. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితమది. ఉద్దేశం గొప్పది. అమల్లో మాత్రం పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి పాసయ్యే పేపరుగా మిగిలింది. కామర్స్ చదివే పిల్లాణ్ని కూర్చోబెట్టి ఆహారపు గొలుసు గురించి ఆసక్తిగా వినేలా చేయడం చిన్న విద్య కాదు. మంచి మాస్టార్లు అందుకే పుస్తకం మూసేసి క్యాంపస్‌లోకి తీసుకెళ్తారు. తంగేడు పువ్వు మీద వాలిన తేనెటీగనో, గోడ పక్కన విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామనో చూపించి మొదలుపెడతారు. పిల్లలు ఫోను జేబులో పెట్టేది అక్కడే.

ఇక పీహెచ్‌డీ విద్యార్థులు. ప్రొఫెసర్‌ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే మార్గదర్శకులుగా ఉండొచ్చు. ఆ ఎనిమిది మందిలో ఒకరు చిత్తడి నేలల పక్షుల మీద, ఇంకొకరు మడ అడవుల పీతల మీద, మరొకరు కొండగడ్డి మీద పనిచేస్తుంటారు. ఒకరి ఫెలోషిప్ నెలల తరబడి రాదు. ఇంకొకరి ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తుంటారు. అడవిలో ఉన్నవాళ్ల ఫోను కలవదు. వీళ్లందరి బాగోగులూ గైడు గారివే. ‘సార్, కెమెరా పోయింది’ అని ఏ అర్ధరాత్రో వచ్చే ఫోను కూడా ఉద్యోగంలో భాగమే.

కోడికూతకు ముందే చెరువు గట్టున

చెరువు మీద పనిచేసేవాళ్లకు నిద్ర సుఖం తక్కువ. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ పగలు నాచు, నీటిమొక్కల వల్ల పెరుగుతుంది. రాత్రంతా అన్ని జీవులూ దాన్ని వాడుకోవడంతో తెల్లవారేముందు అట్టడుగుకు చేరుతుంది. ఈ సంగతి గోదావరి జిల్లాల చేపల, రొయ్యల రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తేది వాళ్లే. ప్రొఫెసర్‌కు కావాల్సింది ఆ గడియ లెక్కే. కాబట్టి చీకటితోనే చెరువు గట్టున ఉండాలి.

సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ ఒక్కటి కూడా దూరకుండా నింపి, లోపలే మూత బిగించాలి. వెంటనే మాంగనస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడ్ చేర్చాలి. అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగా ఉండిపోయిందా, చెరువు ఊపిరి ఆగిపోయినట్టే. తర్వాత ఆమ్లం కలిపి, గంజి ద్రావణం చుక్కలేసి, నీలిరంగు మాయమయ్యేదాకా థయోసల్ఫేటు పోస్తూ లెక్క తేలుస్తారు. వింక్లర్ అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో కనిపెట్టిన పద్ధతి ఇది. మీటర్లు వచ్చాక కూడా ల్యాబుల్లో దీన్ని వదల్లేదు. మీటరు చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడానికి ఇదే ఆధారం.

అడవిలో ఇంకో రకం శ్రమ. నేల మీద చతురస్రంగా తాడు కట్టి, అందులోని ప్రతి మొక్కనూ లెక్కిస్తారు. ఆ చతురస్రాన్నే క్వాడ్రాట్ అంటారు. గడ్డికైతే ఒక మీటరు చతురస్రం సరిపోతుంది. చెట్లకు పదులకొద్దీ మీటర్లు కావాలి. చెట్టు లావు కొలిచేది మనిషి ఛాతీ ఎత్తులో, సాధారణంగా నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర. వాలు మీద చెట్టుంటే ఎగువ వైపు నేల నుంచి ఎత్తు చూడాలి. మొదట్లో రెక్కల్లాంటి వేళ్లుంటే వాటికి పైన కొలవాలి. కింద చీలిపోయిన చెట్టయితే రెండుగా రాసుకోవాలి. కొలిచిన చోట రంగు గీత గీయాలి. ఎందుకంటే మళ్లీ వచ్చినప్పుడు ఒక అంగుళం పైన కొలిస్తే, చెట్టు సన్నబడిందని రాసుకోవాల్సి వస్తుంది!

నల్లమలలో ఈ పని చేస్తుంటే పక్కన చెంచు సహాయకుడు ఉండి తీరాలి. ఏ పొదలో ఎలుగుబంటి పడుకుందో, ఏ చెలమలో నీళ్లున్నాయో ఆయనకే తెలుసు. పేరు తెలియని ఆకు చూపిస్తే వాసన చూసి ఫలానా చెట్టని చెప్పేదీ ఆయనే. ప్రొఫెసర్ దాని శాస్త్రీయ నామం రాసుకుంటారు. విద్యార్థి ఆ కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య పెట్టి హెర్బేరియం కోసం నొక్కుతాడు. ఆ తర్వాత పరిశోధన పత్రంలో సహాయకుడి పేరు ఎక్కడో చివర కృతజ్ఞతల్లోనే వస్తుంది. ఇప్పుడిప్పుడే కొందరు మాస్టార్లు ఆ పేర్లను రచయితల వరుసలోకి తెస్తున్నారు. అది ఎప్పుడో జరగాల్సిన న్యాయం.

సంచిలో ఏముంటాయి?

• మీటరు టేపు, తాడు, మేకులు, అల్యూమినియం నంబరు బిళ్లలు, రంగు డబ్బా, చిన్న బ్రష్షు.
• బైనాక్యులర్స్, జీపీఎస్, దిక్సూచి. ఫోను ఉన్నా దిక్సూచి ఉండాల్సిందే. అడవిలో ఛార్జింగ్ దొరకదు.
• సెక్కీ డిస్క్: నలుపు, తెలుపు భాగాలున్న గుండ్రటి పళ్లెం. నీళ్లలోకి దింపుతూ పోతే ఎంత లోతున కనుమరుగవుతుందో, ఆ నీళ్లు అంత తేటగా ఉన్నట్టు. ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కీ 1865లో తెల్లటి పళ్లెంతో ఇలాంటి ప్రయోగాలు చేశారు.
• కెమెరా ట్రాప్: జంతువు ముందు నుంచి వెళితే దానంతటదే ఫొటో తీస్తుంది. పులి చారలు మన వేలిముద్రల్లా దేనికవే ప్రత్యేకం కాబట్టి ఫొటోలతో పులుల్ని విడివిడిగా గుర్తించొచ్చు.
• పెన్సిల్. పెన్ను రాత వానకు కరిగిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.
• అటవీ శాఖ అనుమతి పత్రం, దాని జిరాక్సు కాపీలు. ఇవి మరిచిపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

ఒక సంతకం... ఒక సీజన్

అభయారణ్యంలోకి పరిశోధన కోసం అడుగుపెట్టాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. జంతువును పట్టి రేడియో కాలర్ వేయాలంటే 12వ సెక్షన్ కింద మరో అనుమతి. అది చట్టం మొదటి షెడ్యూలులోని జంతువైతే ఫైలు ఢిల్లీ దాకా వెళ్తుంది. చట్టం ఉండాల్సిందే. వేటగాళ్లకూ శాస్త్రవేత్తలకూ తేడా తెలియాలంటే కాగితం కావాలి కదా! చిక్కంతా సమయంతోనే. కప్పలు అరిచేది తొలకరి వానలకు. అనుమతి దీపావళికి వస్తే ఆ ఏడు పరిశోధన లేనట్టే. విద్యార్థికి ఒక ఏడాది, ఫెలోషిప్‌లో ఒక ఏడాది గాల్లో కలిసిపోతాయి.

డబ్బుల సంగతి చూస్తే, జాతీయ స్థాయి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. దానికి రాసే అర్హత పరీక్ష గట్టెక్కేవాళ్లు కొందరే. మిగతావాళ్లు ప్రొఫెసర్ తెచ్చే ప్రాజెక్టు మీద ఆధారపడతారు. ప్రాజెక్టు రావాలంటే ప్రతిపాదన రాయాలి, నిపుణుల కమిటీ ముందు సమర్థించుకోవాలి. వచ్చాక డబ్బు విశ్వవిద్యాలయ ఖాతాలో పడుతుంది. అక్కణ్నుంచి జీపు అద్దెకో, సీసాల కొనుగోలుకో తీయాలంటే కొటేషన్లు, బిల్లులు, నోట్ ఫైళ్లు. ఏడాది చివర ‘యూసీ’, అంటే వినియోగ ధ్రువపత్రం ఇవ్వకపోతే రెండో విడత రాదు. కొండ మీద బతికే సహాయకుడికి ఇచ్చిన కూలికి జీఎస్టీ బిల్లు ఎక్కణ్నుంచి తెస్తారు? ఆడిట్ వాళ్లకు ఈ ప్రశ్న అర్థమయ్యేలా చెప్పడం కూడా ప్రొఫెసర్ విద్యల్లో ఒకటి.

ఇన్ని ఇబ్బందుల మధ్య తక్కువ ఖర్చుతో గొప్ప పరిశోధన చేసి చూపినవాళ్లూ ఉన్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాల తరబడి అధ్యయనం చేసింది మన ఇళ్ల చూరుల్లో గూళ్లు పెట్టుకునే ఒక రకం కందిరీగల్ని. ఒక్కో కందిరీగ ఒంటి మీద ఒక్కో రంగు చుక్క పెట్టి, ఎవరు రాణి, ఎవరు తిండి తెస్తున్నారు, రాణి పోతే ఎవరు గద్దెనెక్కుతున్నారు అని గంటల తరబడి చూస్తూ రాసుకోవడమే పద్ధతి. స్వల్ప ఖర్చుతో చేసే ఇలాంటి ప్రయోగాల మీద ఆయన ఏకంగా పుస్తకమే రాశారు.

మూడేళ్ల ప్రాజెక్టు, ముప్పయ్యేళ్ల చెట్టు

ప్రాజెక్టుల గడువు సాధారణంగా మూడేళ్లు. చెట్టు మూడేళ్లలో ఏం చెబుతుంది? ఎకాలజీకి ఇదే అసలు చిక్కు. అందుకే ఈ రంగంలో గొప్ప పనులు చాలావరకు దీర్ఘకాలం సాగినవే.

పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల ఆరంభంలో స్టీఫెన్ హబెల్, రాబిన్ ఫోస్టర్ 50 హెక్టార్ల అడవిని ఎంచుకున్నారు. ఛాతీ ఎత్తులో ఒక సెంటీమీటరు లావు దాటిన ప్రతి కాండానికీ నంబరు వేశారు. లెక్క రెండు లక్షలు దాటింది! అప్పట్నుంచి దాదాపు అయిదేళ్లకోసారి మళ్లీ కొలుస్తున్నారు. అదే పద్ధతిలో ప్రొఫెసర్ రామన్ సుకుమార్ బృందం 1988లో తమిళనాడులోని ముదుమలైలో 50 హెక్టార్ల ప్లాటు మొదలుపెట్టింది. సుమారు 26 వేల చెట్లు, మొక్కలతో మొదలైన ఆ లెక్కలో ఏ చెట్టు చచ్చింది, ఏది కొత్తగా చేరింది అని ఏటా చూస్తారు. ఏనుగులు విరిచినవి, కార్చిచ్చుకు మాడినవి, కరవుకు ఎండినవి అన్నీ పట్టికకెక్కుతాయి. తరగతిలో హాజరు పిలిచినట్టే. కాకపోతే ఇక్కడ ‘ప్రెజెంట్ సార్’ అనేవాళ్లెవరూ ఉండరు, మాస్టారే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూసి రావాలి.

పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులది ఇంకో కథ. ఈ ప్రిన్‌స్టన్ ప్రొఫెసర్లు 1973 నుంచి నాలుగు దశాబ్దాలపాటు గలపాగస్ దీవుల్లోని డాఫ్నీ మేజర్‌కు వెళ్తూనే ఉన్నారు. చిన్న పిచ్చుకల్లాంటి ఫించ్ పక్షుల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచారు. 1977లో కరవొచ్చింది. చిన్న గింజలు అయిపోయాయి. గట్టి గింజల్ని పగలగొట్టగల మందపాటి ముక్కున్నవే ఎక్కువగా బతికాయి. వాటి పిల్లలకూ అదే ముక్కు వచ్చింది. పరిణామం లక్షల ఏళ్ల వ్యవహారమే కాదు, కళ్లముందు కూడా జరుగుతుందని తేలింది. కరవుకు ముందే వాళ్లు ముక్కులు కొలిచి ఉండకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

మన రాబందుల విషయంలోనూ జరిగింది అదే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్)కి చెందిన విభు ప్రకాశ్ 1980ల్లో రాజస్థాన్‌లోని కేవలాదేవ్ పార్కులో వేటపక్షుల మీద పనిచేస్తూ రాబందుల్నీ లెక్కపెట్టారు. 1990ల్లో మళ్లీ లెక్కపెడితే గూళ్లు ఖాళీ అవుతున్నాయి, చెట్ల మీద రాబందులు తలలు వేలాడేసి చచ్చిపోతున్నాయి. ఆయన మోగించిన గంటతోనే ప్రపంచం మేల్కొంది. పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్ కారణమని 2004లో తేలింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. పాత లెక్క లేకపోతే, ‘రాబందులు ఎక్కడికో వలసపోయాయి’ అనుకుని ఊరుకునేవాళ్లం.

ఊరివాళ్ల మాటే నిజమైంది

లెక్కలు అంతా అనుకునేదాన్ని తలకిందులు చేసిన సందర్భాలు ఎన్నో. 1970ల్లో కర్ణాటకలో కాగితం మిల్లుకు వెదురు చాలడం లేదు. ఊళ్లవాళ్లూ వాళ్ల పశువులే వెదురును నాశనం చేస్తున్నారన్నది అధికారుల మాట. ప్రభుత్వం కోరితే ప్రొఫెసర్ మాధవ్ గాడ్గిల్ ఉత్తర కన్నడ అడవుల్లో పొదపొదనూ చూశారు. వెదురు మొదట్లో ముళ్ల కొమ్మల కంచె సహజంగా ఉంటుంది. పొద చక్కగా పెరగాలని ఆ ముళ్లు నరికించేది అటవీ శాఖే. ఆ కంచె పోవడంతో లేత మొలకలు పశువుల నోటికి చిక్కుతున్నాయి. ఈ మాట ఊరివాళ్లు ముందు నుంచీ చెబుతున్నదే. ప్రొఫెసర్ కొలిచి చూపాకే ఆ మాటకు విలువొచ్చింది.

కేవలాదేవ్‌లోనూ అంతే. పక్షుల కోసమని 1982లో పార్కులో గేదెల మేతను ఆపేశారు. గొడవలయ్యాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. దశాబ్దంపాటు సాగిన అధ్యయనం చివరికి చెప్పిందేంటంటే, గేదెలు మేయకపోవడంతో ఒక రకం గడ్డి నీళ్లంతా కమ్మేసి బాతులకూ చేపలకూ చోటు లేకుండా పోతోందని! గేదెలు పక్షులకు శత్రువులు కావు, వాటి ఇల్లు ఊడ్చే పనివాళ్లు.

మన కడప జిల్లాలో కలివి కోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. బీఎన్‌హెచ్‌ఎస్ శాస్త్రవేత్త భరత్ భూషణ్‌కు దాని ఆచూకీ దొరికింది అయితన్న అనే స్థానిక వేటగాడి వల్ల. రాత్రిపూట తిరిగే పిరికి పక్షి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసేదెలా? 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద పడిన అడుగుజాడలు వెతికారు. కెమెరాలు పెట్టారు, రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం చెవులు రిక్కించారు. ఆ పక్షికి పలుచటి ముళ్లపొదలే కావాలి, మరీ దట్టమైనా పనికిరాదు, మరీ బోడిగా ఉన్నా పనికిరాదు అని అలా తెలిసింది. ఆ పొదల్లోంచి పోవాల్సిన తెలుగుగంగ కాలువ చివరికి దారి మార్చుకోవాల్సి వచ్చింది.

చేదుగా ఉన్నా చెప్పాల్సిందే

ప్రొఫెసర్ మాట అందరికీ నచ్చాలని లేదు. పశ్చిమ కనుమల మీద 2010లో కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి గాడ్గిల్ నాయకత్వం వహించారు. మొత్తం కనుమల్ని సున్నిత ప్రాంతంగా చూడాలని, మూడు స్థాయుల్లో రక్షణ కల్పించాలని, నిర్ణయాల్లో గ్రామసభలకు చోటివ్వాలని 2011లో నివేదిక ఇచ్చారు. నిరసనలు వచ్చాయి, రాష్ట్రాలు కాదన్నాయి. తర్వాత వచ్చిన కస్తూరిరంగన్ కమిటీ రక్షణ పరిధిని సుమారు 37 శాతానికి కుదించింది. 2018లో కేరళను వరదలు ముంచినప్పుడు, 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగి వందల ప్రాణాలు పోయినప్పుడు అందరూ ఆ పాత నివేదికనే వెతుక్కున్నారు.

గనులు, కర్మాగారాలు, ఆనకట్టలకు ముందు పర్యావరణ ప్రభావ అంచనా జరగాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. అందులోని జీవజాతుల అధ్యాయం కోసం కన్సల్టెన్సీలు ప్రొఫెసర్ల తలుపు తడతాయి. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క సీజన్ సమాచారంతోనే నివేదిక సిద్ధమైపోతుంది. వానల్లోనే బయటికొచ్చే కప్పలు, అప్పుడే మొలిచి అప్పుడే రాలే చిన్న మొక్కలు ఆ జాబితాలోకి ఎలా ఎక్కుతాయి? పైగా ఆ నివేదికకు డబ్బిచ్చేది ప్రాజెక్టు పెట్టేవాళ్లే. అక్కడ ‘ఇంకో ఏడాది చూడాలి’ అని రాయగలిగే ప్రొఫెసరే నిజమైన ప్రొఫెసర్. అలా రాసినవాళ్లకు రెండోసారి పిలుపు రాకపోవచ్చు.

అడవి నుంచి తిరిగొచ్చాక కంప్యూటర్ ముందు అంతకు రెట్టింపు కాలం గడుస్తుంది. బురద అంటిన నోటుబుక్కుల్లోని అంకెల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం, తప్పులు పట్టుకోవడం, ‘ఆర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించడం, పత్రం రాసి జర్నల్‌కు పంపడం. అక్కడ పేరు చెప్పని సమీక్షకులు తప్పులెన్ని తిప్పి పంపుతారు. ఇతరుల పత్రాలను ప్రొఫెసరూ అలాగే, ఒక్క రూపాయి తీసుకోకుండా సమీక్షించాలి. ఇంకోపక్క డబ్బు కడితే వారంలో అచ్చేసే నకిలీ జర్నళ్లు గాలం వేస్తుంటాయి. పదోన్నతికి పత్రాల సంఖ్యే కొలమానమైన చోట ఆ గాలానికి చిక్కేవాళ్లకు కొదవ లేదు. పదేళ్లు ఒకే చెరువును కొలిచి ఒక్క మంచి పత్రం రాసినవాళ్లు, ఏడాదికి పది పత్రాలు అచ్చేసుకున్నవాళ్ల ముందు వెనకబడిపోతున్నారు.

ఒక్క హెక్టారు చాలు

2025 మార్చి నెలాఖరున హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టేయడానికి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. అది అడవా, కాదా అన్న వాదనలో పనికొచ్చిన ఆధారాల్లో ఒకటి, విద్యార్థులూ పక్షిప్రేమికులూ అధ్యాపకులూ ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న జీవజాతుల జాబితాలు. ఎవరూ అడగకపోయినా రాసిన కాగితాలవి. అవసరం వచ్చిన రోజున హడావుడిగా తయారు చేయగలిగేవి కావు.

మన విశ్వవిద్యాలయాలకు వందల ఎకరాల క్యాంపస్‌లున్నాయి. పక్కనే కొల్లేరు, పులికాట్, కోరింగ, నల్లమల, శేషాచలం ఉన్నాయి. వీటిల్లో ముప్పయ్యేళ్లుగా ఏటా ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచిన లెక్కలు ఎన్ని విభాగాల బీరువాల్లో దొరుకుతాయి? ఒక మాస్టారు మొదలుపెట్టిన లెక్క ఆయన పదవీ విరమణతో ఆగిపోవడం మామూలైపోయింది. తప్పు మాస్టారిది కాదు, ఆ లెక్కను విశ్వవిద్యాలయం తన ఆస్తిగా చూడకపోవడమే.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్ల బడ్జెట్టూ అక్కర్లేదు. ప్రతి విశ్వవిద్యాలయం తన క్యాంపస్‌లో ఒక్క హెక్టారును శాశ్వత ప్లాటుగా ప్రకటించి, ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఏటా ఎంఎస్సీ పిల్లలతో కొలిపించాలి. ఆ రిజిస్టరును లైబ్రరీలో భద్రపరచాలి. దీర్ఘకాలిక కొలతల్ని పదోన్నతి మార్కుల్లో లెక్కేయాలి. గైడు రిటైరైతే ప్లాటు బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాయాలి. వైస్‌ఛాన్సలర్లు తలుచుకుంటే ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు. ఇంట్లో పిల్లలు కీటకాలూ పక్షులూ అంటూ తిరుగుతుంటే ‘అదేం చదువు’ అనకండి. రేపు మన చెరువు బతికుందో లేదో కొలిచి చెప్పాల్సింది వాళ్లే.